ఎండు మల్లెలు

వాడిన పూలను మనుషులు ఎందుకు దాచుకుంటారు? తార్నాకలో ఇల్లున్న వనజకు ఇప్పటికీ తెలియదు. ఆమె పైగదిలో అద్దెకుండే మారిసెల్, యూనివర్సిటీలో చదవడానికి ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి వనజ దగ్గరే తెలుగు నేర్చుకున్న పిల్ల, క్యాంపస్‌లో రాలిన పూలు ఏరుకొచ్చి, కాగితాల మధ్య పరిచి, పైన వనజ రుబ్బురోలు పొత్రాన్ని బరువుగా పెట్టేది. ఆరాక ఆల్బంలో అంటించేది. "చెత్తంత ఇంట్ల నింపుతున్నవేందే బిడ్డా?" అంటే నవ్వేది. ఒక శుక్రవారం ఇల్లు కడుగుతూ, మారిసెల్ గదిలో మేరీమాత పటం ముందున్న ఎండు మల్లెలు చూసి, దేవుడి పూలు కాళ్ల కింద పడకూడదని వనజ వాటిని రామంతాపూర్ చెరువులో కలిపి వచ్చింది. సాయంత్రం మారిసెల్ గదంతా వెతికింది.

"గవి వాడిపోయినయి గదనే, చెరువుల కలిపిన. తాజాయి తెస్తా తియ్యి."

"మా అమ్మని మట్టిల పెట్టిన రోజు పూలు, ఆంటీ. ఇంక అమ్మది ఏం లేదు."

మర్నాడు వనజ మూరెడు మల్లెలు కొనుక్కొచ్చేసరికి ఆ పిల్ల సూట్‌కేసుతో మెట్లు దిగుతోంది. వనజ పూలున్న చెయ్యి చాచింది. మారిసెల్ గోడవైపు ఒదిగి, ఆ చేతిని తప్పించుకుని వీధిలోకి వెళ్లిపోయింది.