కలెర్వో బావ ఊలు మేజోళ్లు

కలెర్వోకి ఒకే ఒక్క జబ్బు. తడి కాలికి మేజోడు తొడుక్కోవడం ఆయనకి చేతకాదు. మిగతా విషయాల్లో నిక్షేపంలాంటి మనిషి. ముప్ఫయ్యేళ్లు బస్సు నడిపి ఒక్క కుందేలును కూడా తొక్కించలేదు. అరవై ఎనిమిదేళ్ల వయసులో, దిగితే పళ్లు టకటకలాడే సరస్సులో కిలోమీటరున్నర ఈది, ఏమీ జరగనట్టు ఒడ్డుకి నడిచొస్తాడు. వచ్చి సైకిలెక్కాల్సిన మనిషి, బోర్లించిన చేపల పెట్టె మీద తీరిగ్గా కూర్చుని, ఒళ్లో తువ్వాలు పరుచుకుని, మేజోళ్లతో కుస్తీ మొదలుపెడతాడు. ఆ కుస్తీ ఇరవై నిమిషాలు నడుస్తుంది.

వాళ్ల ఊరు ముస్తలంపిలో ఏటా జూలైలో జరిగే ట్రయథ్లాన్‌లో ఇరవై నిమిషాలంటే మాటలు కాదు. ఈత, నలభై కిలోమీటర్ల సైకిలు, పది కిలోమీటర్ల పరుగు, అన్నీ కలిపి నాలుగు గంటల్లో ముగించాలి. మధ్యలో బట్టలు మార్చుకున్నా, ముక్కు చీదుకున్నా ఆ సమయమూ లెక్కలోకే వస్తుంది. గడువు దాటినవాడికి సాల్మన్ చేప సూపు పోస్తారు కానీ ఫలితాల కాగితంలో పేరు వేయరు. కలెర్వో ఇరవై రెండేళ్లు సూపు తాగాడు. నాలుగు గంటల ఐదు నిమిషాలకో, తొమ్మిది నిమిషాలకో చేరేవాడు. అందులోంచి మేజోళ్ల సమయం తీసేస్తే ఎంతో ఊళ్లో ఒకటో తరగతి పిల్లకి కూడా తెలుసు.

సైకిళ్లు తగిలించే ఇనప కడ్డీలున్న చోటుకి పోటీ భాషలో ఏదో పెద్ద పేరుంది. ఊళ్లోవాళ్లు మాత్రం సైకిళ్ల దొడ్డి అంటారు. అక్కడ కలెర్వో ముందుగా బొటనవేలు తుడుస్తాడు. తర్వాత దాని పక్కది. వేలికీ వేలికీ మధ్య సందు. ఒక ఏడు గోరు కూడా కత్తిరించుకున్నాడు. ఆ ఏడు సంగతి తలుచుకుంటే నిర్వాహకులకి ఇప్పటికీ కడుపులో మంట.

"ఏం కలెర్వో, చిటికెన వేలిదాకా వచ్చావా?" అని దారినపోయేవాళ్లు అడిగేవారు.

"ఎడమకాలిది అయింది. కుడికాలిది కొంచెం మొండిది."

ఒకసారి హెల్సింకీ నుంచి వచ్చిన కుర్రాడొకడు, నలభై సెకన్లలో దొడ్డి దాటినవాడు, పోటీ ముగించి సూపు తాగుతూ కనుక్కున్నాడు. "పొద్దున అక్కడ పెట్టె మీద ఒక ముసలాయన్ని చూశాను. డాక్టర్ని పిలిచారా?"

"అక్కర్లేదు. ఆయనకిది ఏటా వస్తుంది," అంది హిల్కా.

హిల్కా పోటీకి సమయం రాసే మనిషి. పోస్టాఫీసులో చేసి ఈ ఏడే రిటైరయింది. ఆవిడ గడియారం మీద ఊరికి పాదిరిగారి మాట మీద కంటే గురి ఎక్కువ. కలెర్వో ఆమెకి బావ, అక్క రాకెల్ మొగుడు. పోటీ రోజున హిల్కా బల్ల సరస్సు వైపు తిరిగి ఉంటుంది, దొడ్డి ఆమె వీపు వెనక. నీళ్లలోంచి వచ్చిన ప్రతివాడి నంబరూ రాసుకోవడం, ఆఖరివాడు రాగానే కాగితాలు చంకలో పెట్టుకుని ముగింపు గీత దగ్గరికి పరిగెత్తడం ఆవిడ పని. బావ పేరు "గడువు దాటినవారు" అన్న పుస్తకంలో ఆవిడే ఇరవై రెండుసార్లు రాసింది.

రాయడం ఒక బాధ, సోమవారం పొద్దున ఇంకో బాధ. ఫలితాల కాగితం కిరాణాకొట్టు తలుపుకి అంటించేవారు. ఎదురుగా పోస్టాఫీసు. కిటికీలోంచి హిల్కాకి అక్క కనిపించేది. రాకెల్ వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, కాగితం మీద వేలు పెట్టి పైనుంచి కిందికి దించేది. వేలు అట్టడుగున ఆగేది. కాసేపు అక్కడే ఉండేది. తర్వాత కళ్లజోడు మడిచి, కొట్లోకి వెళ్లి ఈస్టు కొనుక్కుని ఇంటికి పోయేది. హిల్కా స్టాంపులు నాలిక మీద తడుపుతూ, మా అక్క ఈ ఏడు కూడా మొగుడి పేరు వెతుక్కుని ఉత్తచేతుల్తో వెళ్లిపోయింది అనుకునేది. ఇరవై రెండు సోమవారాలు అనుకుంది.

మార్చిలో రాకెల్ పోయింది. నేల ఇంకా గడ్డకట్టే ఉంది, గొయ్యి తవ్వడానికి యంత్రం తేవాల్సొచ్చింది. కలెర్వో ఏడవలేదు. వచ్చినవాళ్లందరికీ తనే కాఫీ పోసి, రాకెల్ కప్పులో కూడా పోసి, ఆ సంగతి గమనించి, ఆ కప్పు పట్టుకుని వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. హిల్కా తలుపు దగ్గర నిలబడి ఆయన వీపు చూసింది. ఆ రోజే ఒట్టు పెట్టుకుంది, ఈ ఏడు బావ పేరు కాగితంలో ఉండి తీరాలని. ఆలస్యం చేయడానికి కూడా లేదు. బావ మోకాలికి సెప్టెంబరులో ఆపరేషన్, ఆ తర్వాత నడక తప్ప ఇంకేమీ వద్దని డాక్టరు తేల్చేశాడు.

జూన్‌లో బావని తన వంటింట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. రెండు కాళ్లూ నీళ్ల తొట్టిలో పెట్టించి గడియారం పట్టుకుంది. "ఊఁ, కానియ్."

కలెర్వో కాళ్లు పైకి తీసి, రాకెల్ అల్లిన బూడిదరంగు ఊలు మేజోళ్లు, చీలమండ దగ్గర ఇనప కట్టులా బిగిసే మేజోళ్లు, సర్రున లాక్కున్నాడు. రెండూ కలిపి పధ్నాలుగు సెకన్లు.

హిల్కా గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చూసింది. నడుస్తూనే ఉంది. "నీకు వచ్చు కదా బావా."

"నీ వంటింట్లో గాలి పొడిగా ఉంటుంది హిల్కా."

"గాలీ లేదు, గాడిద గుడ్డూ లేదు. ఈసారి దొడ్డిలో నిమిషం దాటావంటే నీకూ నాకూ మాటల్లేవు. నీ పేరు కాగితంలో చూడాలని మా అక్కకి ఎంత ఆశో నీకేం తెలుసు."

ఆయన ఏదో చెప్పబోయి మానేసి, కాఫీలో యాలకుల బన్ను ముంచుకుని, అది విరిగి కప్పులో పడిపోయేదాకా అలాగే పట్టుకున్నాడు. "ప్రయత్నిస్తాను," అన్నాడు చివరికి.

పోటీ రోజున హిల్కా ఇరవై మూడేళ్లలో మొదటిసారి సరస్సు దగ్గరి బల్ల మాత్రం ఇంకొకరికి అప్పగించి, నడుం మీద చేతులు పెట్టుకుని దొడ్డిలో నిలబడింది. కలెర్వో నలభై అయిదో నిమిషంలో ఒడ్డెక్కాడు. అది ఆయనకి గొప్ప సమయం. వెనక నీళ్లలో ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. హిల్కా చప్పట్లు కొట్టింది. ఆయన రబ్బరు సూటు విప్పాడు, సైకిలు దగ్గరికి వచ్చాడు, పెట్టె మీద కూర్చున్నాడు, ఒళ్లో తువ్వాలు పరుచుకున్నాడు.

"బావా."

"వేళ్ల మధ్య తడి ఉంటే పుండు పడుతుంది."

"పడనీ. పుండు మానుతుంది. లే."

"బొటనవేలు అయిపోయింది, చూడు."

అయిదు నిమిషాలు. పది నిమిషాలు. తొమ్మిదిమందిలో నలుగురు వచ్చారు, బట్టలు మార్చుకున్నారు, పోయారు. హిల్కాకి ఒళ్లు మండిపోయింది. నేల మీద మోకాళ్ల మీద కూలబడి, మేజోడు లాక్కుని, చిన్నపిల్లాడికి తొడిగినట్టు ఆయన కాలికి తొడగబోయింది. లోపలికి దూరలేదు. ఒకటికి రెండుసార్లు లాగి చూసి ఆగింది.

"నువ్వు కావాలని వేళ్లు ముడుచుకుంటున్నావు."

"చలి."

"అక్క మీద నీకు ఇంతేనా ప్రేమ?" అంది హిల్కా. ఆ మాట అన్నందుకు వెంటనే సిగ్గుపడింది.  కలెర్వో ఆమె తల మీదుగా ఇనప కడ్డీల వైపు చూశాడు. హిల్కా కూడా తిరిగి చూసింది. ఇంకో నలుగురు కూడా వచ్చి వెళ్లిపోయారు. కడ్డీల మీద మిగిలినవి రెండే సైకిళ్లు. ఒకటి బావది. రెండోది ముందు బుట్ట ఉన్న ఆకుపచ్చ సైకిలు. జనం రోడ్డు వైపు పోయారు, కాఫీ డేరాలో నవ్వులు వినిపిస్తున్నాయి. పడవలవాళ్లు తెడ్లు ఒడ్డున పడేస్తున్నారు.

గంటా ఆరు నిమిషాలకి ఒక యాభయ్యేళ్ల ఆవిడ నీళ్లలోంచి వచ్చింది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఇసకలో రెండడుగులు వేసి ఆగిపోయింది. తనకోసం ఎవరూ లేని ఒడ్డుని చూసి, ఇక చాలు అనుకుంటున్న మనిషి మొహం అది. హిల్కా అలాంటి మొహాలు బల్ల దగ్గర నుంచి ఎన్నో చూసింది, నంబరు రాసుకుని వెళ్లిపోయింది.

"అమ్మా, కాస్త ఇటు వస్తారా," అన్నాడు కలెర్వో. "ఈ మేజోడు మడమ దగ్గర ఇరుక్కుంది. మా మరదలికి బలం చాలడం లేదు."

ఆవిడ దగ్గరికొచ్చి చూసింది. "మీరు ఎంతసేపట్నుంచి ఇక్కడున్నారు?"

"అడక్కండి. పరువు పోతుంది."

ఆవిడకి నవ్వొచ్చింది. వణుకుతూనే వంగి మేజోడు లాగింది, అది ఎక్కింది. ఆయన తన తువ్వాలు ఆవిడకి ఇచ్చాడు. "నేను మీ వెనకే వస్తాను. నాకంటే వెనకపడితే మాత్రం ఊళ్లో తలెత్తుకోలేరు, చెప్తున్నా." ఆవిడ తల తుడుచుకుని, ఆకుపచ్చ సైకిలు తీసుకుని వెళ్లిపోయింది. ఆవిడ మలుపు తిరగ్గానే కలెర్వో రెండో మేజోడు చిటికెలో తొడుక్కుని సైకిలెక్కాడు.

హిల్కా బోర్లించిన పెట్టె మీద కూర్చుండిపోయింది. ఇరవై రెండేళ్లు ఇది తన వీపు వెనకే జరిగింది.

ముగింపు గీత దగ్గర ఆ ఆవిడ, సానెల్మా రూత్కొనెన్, మూడు గంటల యాభై ఏడు నిమిషాలకి చేరింది. కలెర్వో రోడ్డు చివర కనిపించేసరికి నాలుగు గంటలు నిండాయి. మోకాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. నాలుగు గంటల రెండు నిమిషాలు.

"బావా, రెండే నిమిషాలు. నా గడియారం ముందు నడిచిందని రాస్తాను."

"నీ గడియారం ముందు నడిచిందంటే ఊరు నమ్మదు," అన్నాడు ఆయన రొప్పుతూ. "రాయాల్సిన చోటే రాయి."

హిల్కా రాసింది. రాస్తుంటే ఏడుపొచ్చింది. బావ మీద కోపం పోయింది కానీ అక్క గుర్తొచ్చింది. ఒక్క పేరు, ఒక్కసారి. అదీ చేతకాలేదు.

సోమవారం పొద్దున పాలకని కొట్టుకి వెళ్తే తలుపు దగ్గర కలెర్వో ఉన్నాడు. ఆయన ఎప్పుడూ అక్కడికి రాలేదు, వచ్చేది రాకెల్. భార్య కళ్లజోడు ముక్కు మీద పెట్టుకుని, కాగితం మీద వేలు పైనుంచి కిందికి దించుతున్నాడు. వేలు అట్టడుగున ఆగింది.

హిల్కా ఆయన పక్కన నిలబడింది. "నన్ను క్షమించు బావా. మా అక్క ఇరవై రెండేళ్లు ఇక్కడ నిలబడి నీ పేరు వెతుక్కుంది. నేను ఒక్కసారి కూడా చూపించలేకపోయాను."

"నా పేరా?" కలెర్వో ఆశ్చర్యంగా చూశాడు. "నేను రాత్రంతా ఆమె పక్కనే సూపు వాసన కొడుతూ పడుకుని ఉంటే నా పేరు ఇక్కడెందుకు వెతుక్కుంటుంది?"

"మరి వేలు పెట్టి కింది దాకా..."

"కింది పేరు కోసం." ఆయన కళ్లజోడు తీసి చొక్కాకి తుడిచాడు. "మొదటి ఏడు నీళ్లలోంచి ఆఖరున వచ్చింది నేనే హిల్కా. దొడ్డిలో నా సైకిలొక్కటే ఉంది. జెండాలు కూడా పీకేశారు. ఆ సైకిలు పక్కన మీ అక్క తువ్వాలు పట్టుకుని నిలబడింది. ఆమె లేకపోతే ఇంటికి పోయేవాణ్ణి, మళ్లీ వచ్చేవాణ్ణి కాదు. అందరికీ రాకెల్ ఉండదు కదా అంది ఆ రాత్రి. తర్వాతి ఏటికి మేజోళ్లు అల్లి ఇచ్చింది. వదులుగా ఉంటే జనం నమ్మరని చీలమండ దగ్గర తనే బిగించింది."

హిల్కా కాగితం అట్టడుగున ఉన్న పేరు చదివింది: సానెల్మా రూత్కొనెన్.

"సోమవారం వచ్చి ఆ ఏడు చివర ఎవరు మిగిలారో చూసుకునేది. ఇంటికొచ్చి బన్నులు చేసి, కాఫీ పోసి, అప్పుడు చెప్పేది. ఈసారి బేకరీ అతను. ఈసారి పాదిరిగారి చెల్లెలు. నేను వినేవాణ్ణి." కలెర్వో మళ్లీ కాగితం వైపు తిరిగాడు.  "ఇప్పుడు ఆమెకి నేను చెప్పాలి. చెప్పడం నాకు అలవాటు లేదు. ఈ రూత్కొనెన్ ఏం పని చేస్తుందో నీకు తెలుసా? మీ అక్క తప్పకుండా అడుగుతుంది."

హిల్కా కళ్లు తుడుచుకుని కొట్లోకి వెళ్లింది. కొట్టామెకి తెలియని మనిషి ఆ చుట్టుపక్కల లేదు. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది. "కువోపియోలో పళ్ల డాక్టరు దగ్గర పని. ఇద్దరు కొడుకులు, ఒక కుక్క. పోయిన ఏడు మొగుడు పోయాడట. ఒంటరిగా ఉండలేక ఈత నేర్చుకుందట."

కలెర్వో తల ఊపాడు. ఇద్దరూ శ్మశానం వైపు నడిచారు. ఆయన మోకాలికి తగ్గట్టు హిల్కా అడుగు తగ్గించింది. మర్చిపోకుండా ఉండడానికి ఆయన దారంతా గొణుక్కుంటూనే ఉన్నాడు: పళ్ల డాక్టరు, ఇద్దరు కొడుకులు, కుక్క. చర్చి గేటు దగ్గర ఆగిపోయాడు.

"కుక్క పేరు అడిగావా?"

"లేదు."

"అది చెప్పకపోతే మీ అక్క ఊరుకోదు."

హిల్కా గడియారం చూసుకోలేదు. బావని గోడ పక్క బల్ల మీద కూర్చోబెట్టి, కుక్క పేరు కనుక్కోవడానికి వెనక్కి బయల్దేరింది.