గోపన్న తలకట్లు లేని రాత

సోమక్కకు కోపం వచ్చేది కాదు, ఎప్పుడూ ఉండేది. పొద్దున లేస్తూనే పొయ్యిని తిట్టేది. పొయ్యి మండితే కట్టెలను తిట్టేది. శనక్కాయల చేలో ఆమె పక్క సాలు పట్టడానికి మొగోళ్ళు కూడా వెనకాడేవాళ్ళు. ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చిందని ఊరంతా సంబరపడుతుంటే, "జిల్లా మారితే నా కూలి మారతాదా?" అని అడిగిన మనిషి.

ఆ మరుసటేడే ఆమె మొగుడు గోపన్న పోయాడు.

గోపన్న ప్రతి ఉగాదికీ కంబి భుజాన వేసుకొని శ్రీశైలం నడిచేవాడు. కంబి అంటే రెండు కొసలకూ మొక్కుబడుల బుట్టలు కట్టిన వెదురు కావడి. ఊరికంతా అది ఒక్కటే. మోసినవాడు పోతే వచ్చే ఉగాదికి ఆ ఇంటి మనిషే దాన్ని కొండకు చేర్చాలని ఊరి కట్టడి. చేర్చకపోతే దాయాదుల ఇంటికి పోతుంది. సోమక్కకు పిల్లల్లేరు. మరిది కొడుకు చిన్న ఈరన్న అప్పుడే కంబి తగిలించడానికి తన ఇంటి గోడకు మేకు కొట్టేశాడు.

"నేనే మోస్తా" అంది సోమక్క పెద్దమనుషుల ముందు.

ఈరన్న నవ్వాడు. "మోయి పెద్దమ్మా, ఎవరొద్దన్న్యారు? కంబి ముందు పోతాది, జనం ఎనక వస్తారు. ఆత్మకూరు దాటితే అంతా అడివి. నీళ్ళు యాడుండాయో చెప్పు, మోయి. నేనైతే పెదనాయన ఎనకంబడి పోయినోణ్ణి."

"ఆయప్ప అంతా రాసిపెట్టినాడు. బుక్కులో ఉండాది."

"ఆ రాతనా? మల్లన్న దిగొచ్చినా చదవల్యాడు!"

అది నిజమే. గోపన్న చదివింది మూడో తరగతి. దారి పొడుగునా పెన్సిలుతో గీకేవాడు. ఊరి అయ్యవారు పుస్తకాన్ని నిలువుగా, అడ్డంగా తిప్పి చూసి, "తాగి రాసినట్టుండాదే" అన్నాడు. సోమక్క ఆయన చేతిలోంచి దాన్ని లాక్కుంది.

"కంబి ఎత్తితే ఆయప్ప కల్లు ముట్టడు. నీకు చేతకాదని చెప్పు, సరిపోతాది!"

మిషన్ బడి పంతులమ్మ విశ్వాసమ్మ మాత్రం ఉన్నమాట చెప్పింది. "నాకూ తెలియడం లేదు సోమక్కా. అక్షరాలు నేర్పుతాను, నువ్వే చూసుకో. మీ ఆయన మాటతీరు నీకు తెలుసు కదా."

"ఆయప్పకు మాటతీరు యాడుండాది పంతులమ్మా? నోట్లో ముద్ద పెట్టుకున్నట్టే బతికినాడు."

ఆ చలికాలమంతా, యాభై దాటిన సోమక్క పలక పట్టింది. అక్షరాలనూ తిట్టింది. అచ్చులో ఉన్నవి లొంగాయి, గోపన్నవి లొంగలేదు. ఉగాది దగ్గరపడింది. భుజం గట్టిపడాలని ఒక వెదురుకు రాళ్ళబుట్టలు కట్టి, దాన్ని మోస్తూ పెరట్లో తిరగసాగింది. తీరిక చాలక, తిరుగుతూనే పలక మీద రాసేది.

ఒకనాడు వెదురు దించి పలక చూసుకుంటే ఒళ్ళు మండింది. ఒక్క అక్షరానికీ తలకట్టు లేదు. గుడి లేదు. వరసలు కిందికి జారిపోయాయి. పలక విసిరేయబోయి ఆగింది. ఇది తన రాత కాదు, గోపన్న రాత!

గోపన్న తాగి రాయలేదు, మోస్తూ రాశాడు. కావడి జారకుండా మోచెయ్యి అదిమిపెడితే చెయ్యి పైకి లేవదు. అక్షరం పైన పెట్టాల్సినవన్నీ గాల్లో కలిసిపోతాయి.

ఇక పుస్తకం ముందేసుకొని, మొండి అక్షరాలకు ఒక్కొక్కటిగా తలకాయలు తగిలించుకుంటూ విశ్వాసమ్మకు వినబడేలా చదివింది. నాగలూటి. పెచ్చెరువు. చెరువు నీళ్ళు పచ్చగా ఉంటే పక్కన చెలమ తోడుకోవాల. భీముని కొలను దిగకముందు కుడిపక్క పగిలిన బండ, దానికింద ఊట. ఆడ నెమలి పిల్లలు. సోమికి చెప్పాల.

సోమక్క పుట తిప్పింది. ఎలుగ్గొడ్డు చెట్టెక్కి తేనె తాగె, సోమికి చెప్పాల. కన్నడపామె ఒకతి శానా బాగా పాడె, సోమికి చెప్పాల.

విశ్వాసమ్మ కళ్ళు తుడుచుకుంది. సోమక్క పుస్తకాన్ని నేలకేసి కొట్టింది.

"చెప్పల్యా! ఇన్నేండ్లూ ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కొని, సంగటి పెట్టు అన్న్యాడు. అంతే! కట్టుకున్నదానికి చెప్పకుండా కాగితానికి చెప్పినాడు!"

పెద్దమనుషుల ముందు మజిలీలన్నీ ఒప్పజెప్పింది. పగిలిన బండ దగ్గరికి వచ్చేసరికి ఈరన్న అడ్డం తగిలాడు. "ఆడ ఊట ల్యా. నేనెన్నిసార్లు పోల్యా?" పెద్దమనుషులు నసిగారు. వాళ్ళ తీర్పు కోసం ఆమె నిలబడలేదు. కంబి ఎత్తుకుంది. జనం ఒకరి మొహం ఒకరు చూసుకొని వెనక నడిచారు.

నాగలూటి, పెచ్చెరువు మజిలీలు దాటి, కొన్నాళ్ళకు ఎండ నెత్తికెక్కిన వేళ భీముని కొలను పైకి చేరారు. అందరి నాలుకలూ పిడచకట్టుకుపోయాయి. పగిలిన బండ ఉంది. దానికింద ఎండుటాకులే ఉన్నాయి.

"చెప్పలా నేను?" అన్నాడు ఈరన్న.

కంబి నేల తాకకూడదు. సోమక్క దాన్ని తెచ్చి ఈరన్న భుజాన పెట్టింది. "మొయ్యి గడియసేపు. నీ సరదా తీరతాది."

మోకాళ్ళ మీద కూర్చొని ఆకులు ఎగజిమ్మింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి తవ్వింది. బురద వచ్చింది, తర్వాత చల్లగా నీళ్ళు వచ్చాయి. పుడిసెడు తాగి, ఆ బొరియలోకి చూస్తూ అరిచింది.

"నీ నోరు పడిపోను! ముందే చెప్పింటే నీ ఎంబడే వస్తాంటి కదప్పా!"

జనం నీళ్ళ మీద పడ్డారు. భుజాన కంబితో ఈరన్న ఒక్కడే వంగలేక నిలబడిపోయాడు. మొహం కడుక్కొని వచ్చి సోమక్క కంబి తీసుకుంది.

"పో, తాగు. తాగి ఎనక రా."