గేట్లు లేపినప్పుడు చెప్పే దిక్కు

రెండు వేల దశకం తొలి ఏళ్లలో నేను బాన్సువాడ బడిలో సాంఘిక శాస్త్రం చెప్పేదాన్ని. పొరుగు దేశాలు నదులను పంచుకోవడం గురించిన పాఠం వస్తే నాకు ఒళ్లు మండేది. యుద్ధాలు చేసుకున్న దేశాలు సైతం నీళ్ల విషయానికి వచ్చేసరికి కూర్చుని మాట్లాడుకుంటాయని పిల్లలకు చెప్పాలి. ఒకే దేశంలో ఉన్న మా అన్నకు మాత్రం, పక్క రాష్ట్రం నుంచి వచ్చే వాగు ఎప్పుడు మీద పడుతుందో చెప్పే నాథుడు లేడు.

అన్న పొలం బిచ్కుంద దగ్గర, ఆ వాగు ఒడ్డునే. ఎగువన, మహారాష్ట్రలో, దానికి ఆనకట్ట కట్టారు. ఎండాకాలం చుక్క వదలరు. వానాకాలం నిండితే గేట్లెత్తేస్తారు, ముందుగా ఒక్క మాట చెప్పరు. అన్న మోటారు ఒకసారి అలాగే కొట్టుకుపోయింది.

మా అక్కను ఆ ఆనకట్ట పక్క ఊళ్లో, తెలుగు మాట్లాడే ఇంటికే ఇచ్చాం. ఒక ముసురు పట్టిన ఉదయం నేను బడికి బయలుదేరుతుంటే, మా ఇంటి కింది ఎస్టీడీ బూత్ ఆయన కేకేశాడు. ఫోన్‌లో అక్క.

“చెల్లె, గేట్లు లేపుతుండ్రు. పగటీలి అన్నం తినే యాళ్లకు నీళ్లు మీ దిక్కు వస్తయ్. అన్నకు చెప్పు, జల్ది!”

అన్న ఊళ్లోని కిరాణా దుకాణానికి ఫోన్ చేసి చెప్పాను. బడి మానేసి నీటిపారుదల ఆఫీసుకు పరుగెత్తాను. వాగు పొడుగునా ఊళ్లలో చాటింపు వేయించమన్నాను. అధికారి కుర్చీలోంచి కదల్లేదు.

“మాకు పైనుంచి సమాచారం ఏమీ రాలేదమ్మా. మీ అక్క చెప్పిందని ఊళ్లను బెదరగొట్టమంటారా?”

అన్న మోటారు విప్పుకుని, పక్క పొలాల వాళ్లను ఇళ్లకు పంపాడు. దిగువ ఊరికి కబురు అందలేదు. అక్కడ వాగులో మేస్తున్న గొర్రెల మంద కొట్టుకుపోయింది. కాపరి తుమ్మచెట్టెక్కి ప్రాణం దక్కించుకున్నాడు.

నష్టం చూడటానికి అదే అధికారి వచ్చాడు. ప్రకృతి వైపరీత్యం అన్నాడు. నేను ఊరుకోలేకపోయాను.

“గేట్లు ప్రకృతి లేపిందా సార్?”

“అది రెండు రాష్ట్రాల పంచాయితీ టీచరమ్మా. ఢిల్లీలో తేలాలి.”

“ఎవరికెన్ని నీళ్లో ఢిల్లీల తేల్చుకోండ్రి. నీళ్లొస్తున్నయని చెప్పనీకి ఢిల్లీ ఎందుకు?”

అధికారి, పక్కనే నిలబడ్డ కాపరి ముఖం చూడకుండానే జీపెక్కాడు.

అక్క అక్కడ మాటలు పడింది. మన నీళ్ల ముచ్చట వాళ్లకెందుకు చేరవేస్తున్నావని ఊళ్లో కొందరు నిలదీశారట. మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పుకుని ఏడ్చింది. వెంట వచ్చిన బావ, “ఏడుస్తవెందుకు? ఇగ నుంచి ఫోన్ నేనే చేస్త. ఎవడేమంటడో చూస్త,” అన్నాడు.

అన్నట్టే చేశాడు. ఆ తర్వాత ఏ వానాకాలమూ తప్పలేదు. ఆయన ఫోన్ రాగానే అన్న దిగువ ఊరికి మనిషిని పంపేవాడు. మా కుటుంబం మంచితనాన్ని ఎవరైనా మెచ్చుకుంటే నాకు సంతోషం కలగకపోగా కోపం వచ్చేది. బావ జ్వరమొచ్చి మంచాన పడిన రోజున ఆ ఊళ్లకు ఎవరు చెప్పాలి?