గిడ్డమ్మ అత్త ఏ వాకిట్లోంచి పోవాలి

మొన్న ఎమ్మిగనూరు నుంచి బస్సులో వస్తుంటే పక్క సీటావిడ మా మంత్రాలయం సంగతి ఒకటి నాకే చెప్పుకొచ్చింది. ఎవరో ఉగ్గాని అమ్ముకునే ఆడమనిషి, అత్త చచ్చిపోతే పింఛను కోసమని శవాన్ని వారం రోజులు ఉప్పులో పెట్టి ఇంట్లోనే దాచిందట. "పక్కింటిదానికీ తెలుసంటమ్మా. అదీ భాగం తీస్కునిందంట. దాని మొగమెట్లుంటాదో ఒకసారి సూడల్ల," అని ముగించింది. ఆ మొగం ఆవిడకు జానెడు దూరంలోనే ఉంది. ఆవిడ పెట్టిన ఉడకబెట్టిన శనక్కాయలు తింటూ కూడా ఉంది. దిగేటప్పుడు ఇక ఉండబట్టలేక, "ఆ పక్కింటిదాన్ని నేనే తల్లీ" అన్నాను. పాపం, తన సంచీ సీటు కిందే ఉందని మరిచిపోయి నాకంటే ముందు దిగిపోయింది.

నవ్వుతూ చెబుతున్నాను గానీ కడుపులో మండిపోతోంది. ఆ ఉగ్గాని ఆడమనిషి గిడ్డమ్మ. బస్టాండు వెనక సందులో, మా గోడకు ఆనుకుని ఉన్న గదిలో అత్తతో ఉండేది. ఉప్పులో పెట్టడం మాట అటుంచి, ఉప్పు చాలలేదని అత్త చేత రోజూ తిట్లు తిన్న మనిషి.

గిడ్డమ్మది కోసిగి పక్క పల్లె. మొగుడు బెంగళూరుకు మేస్త్రీ పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. పుట్టింటికి రమ్మని అన్నదమ్ములు పిలిస్తే పోకుండా, అత్త ఉరుకుందమ్మను వెంటబెట్టుకుని మంత్రాలయం చేరి, బస్టాండు ముందర తోపుడు బండి పెట్టింది. మొగుడు వదిలేశాక అత్తతో నీకేం పని అని నేనే ఒకసారి అడిగాను. "నేను తెచ్చుకోలేదక్కా. కొడుకు మీద కోపంతో అదే నా ఎంబడి వచ్చింది. రావద్దంటే ఇనే మనిషా అది," అంది.

ఆమె ఉగ్గాని గురించి ఒక్క మాట చెప్పకపోతే పాపం. అది బొరుగుల తాలింపే గానీ, ఆ బొరుగులు నీళ్ళలో ముంచి పిండడంలోనే ఉంది కిటుకంతా. ఎక్కువ నానితే ముద్ద, తక్కువైతే పెళుసు. గిడ్డమ్మ చేతిలో బొరుగు విడివిడిగా ఉండి మెత్తగా ఉండేది. పక్కన రెండు మిరపకాయ బజ్జీలు. రాయచూరు నుంచి వచ్చే భక్తులు స్వామి దర్శనం కంటే ముందు ఆ బండి దర్శనం చేసుకునేవాళ్ళు.

ఇక అత్తాకోడళ్ళ జగడం మా సందుకు సుప్రభాతం. బండికి వేళవుతుంటే మొదలయ్యేది.

"ఉప్పు యాడ పాయనే? మీ నాయన ఉప్పు కొటారు కాల్చినారా?"

"నీ నాలిక సచ్చిపాయ, నా ఉప్పునంటావా. మింగు."

"నీ నోటికి భయపడే నా కొడుకు ఊరిడిసి పాయ."

"నిన్ను జూసే పాయ. ముసిల్ది బతికినంత కాలం ఈడ అన్నం దొరకదని."

ఇంత తిట్టుకున్నాక గిడ్డమ్మ ఆ ముసలామెకు తల దువ్వి, ముడేసి, మంచం ఎండలోకి జరిపి బండికి పోయేది. ఏడాదిగా ఉరుకుందమ్మ మంచం దిగలేదు. ఒంట్లో సత్తువంతా గొంతులోకి చేరినట్టుండేది.

గిడ్డమ్మకు గది అద్దెకిచ్చిన ఇంటాయన పేరు శివప్రసాద్. రథం వీధిలో పూజాసామాన్ల అంగడి. ఈ ఇంట్లో కింద ముందు భాగంలో తాను, భార్య స్వర్ణలత. మేడ మీద యాత్రికులకు అద్దెకిచ్చే గదులు. చెడ్డవాడని నేననను. పండక్కి నాకు కుంకుమ పొట్లం పంపుతాడు. కానీ అద్దెకొచ్చే వాళ్ళను ఆయన మొదట అడిగేది పని గురించీ కాదు, కులం గురించీ కాదు, "ఇంట్లో ముసలోళ్ళుండారా? నడుస్తాండారా?" అని. గిడ్డమ్మ వచ్చినప్పుడు ఉరుకుందమ్మ నడుస్తూ ఉండేది కాబట్టి గది దొరికింది. ఆ గదికి రెండు వాకిళ్ళు. ముందుది అరుగు మీదికి, వెనకది మురుగుకాలువ సందులోకి. "ఏమన్నా జరిగితే మాత్రం ఎనక వాకిట్లోంచేనమ్మా. పైన యాత్రికులుంటారు, బాగుండదు," అని ఆ రోజే చెప్పేశాడట.

ఏమన్నా జరిగితే అంటే ఏమిటో ఉరుకుందమ్మకు బాగా తెలుసు. వానలు లేని ఏడు మా వైపు పల్లెలు పల్లెలే మిరపకోతలకు గుంటూరు దిక్కు పోతాయి. దాన్ని సుగ్గికి పోవడమంటారు. ఆమె మొగుడు ఆ సుగ్గిలోనే పోయాడు. రాత్రి పడుకోనిచ్చిన షెడ్డు ఆసామి తెల్లారి శవాన్ని లోపల ఉంచనివ్వలేదు. రోడ్డు పక్కన టార్పాలిన్ పట్టా అడ్డం కట్టి, లారీలు దుమ్ము కొట్టుకుంటూ పోతుంటే కడిగారట. అందుకే కోడలి దగ్గర మాట తీసుకుంది. నన్ను రోడ్డున కడగొద్దు, దొంగమాదిరి ఎనక సందులో మోయొద్దు, మనిషి పోయినట్టు ముందు గడప దాటించు అని. తిట్ల మధ్యలోనే తీసుకుందట ఆ మాట. గిడ్డమ్మ కూడా తిడుతూనే ఇచ్చిందట.

ఇప్పుడు అసలు చిక్కు చెప్పాలి. ధనిష్ఠ నుంచి రేవతి దాకా వరసగా వచ్చే ఐదు నక్షత్రాల్లో ఎవరైనా పోతే, ఆ ఇంటిని నెలల తరబడి మూసిపెట్టాలని పట్టింపు. దాన్నే పంచకం అంటారు. సొంత ఇల్లయితే ఏడుస్తూ తాళం వేసుకుంటారు. అద్దె ఇల్లయితే ఇంటాయన ఏడుస్తాడు, అద్దెకున్నవాళ్ళను ఏడిపిస్తాడు. పైగా అప్పుడు స్వామి ఆరాధన ఉత్సవం దగ్గరపడుతోంది. మేడ మీద గదులకు సంవత్సరం మొత్తం గిరాకీ ఒక ఎత్తు, ఆ ఆరాధన గిరాకీ ఒక ఎత్తు.

ఉరుకుందమ్మకు ఊపిరి బరువైంది సరిగ్గా ఆ పంచకంలోనే. శివప్రసాద్ అంగడి వదిలి పొద్దుకొకసారి వచ్చి గుమ్మం దగ్గర నిలబడేవాడు.

"గిడ్డమ్మా, ఈ నాలుగు దినాలు ముసలామెను ఆదోని ఆస్పత్రిలో పెట్టు. ఆటోకు నేను చెప్తా."

"కదిలిస్తే దోవలోనే పోతాదన్నా."

"యాడన్నా పోవాల్సిందే కదమ్మా. ఆ పోయేదేందో ఆడ పోతే నా ఇల్లు నిలుస్తాది."

నిజంగానే ఆటో తెప్పించాడు. ప్రాణమున్న మనిషిని, నక్షత్రం బాగాలేదని, రోడ్డు మీద చావడానికి పంపాలని. స్వామి బృందావనం అక్కడికి కూతవేటు దూరం. మంచం మీది నుంచి ఉరుకుందమ్మే ఆటోవాడికి సమాధానం చెప్పింది. "నాయనా, మీ శెట్టికి శానా ఆయాసంగా ఉన్నెట్టుండాది. ఆయన్ని తీస్కపో." ఆటోవాడు నవ్వుకుంటూ పోయాడు. ఆ ఉడుకుతో శివప్రసాద్ మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

మూడు దినాలు గడిచాక, పొద్దున్నే గోడ మీదుగా గిడ్డమ్మ తల కనిపించింది. "అక్కా, క్యాలెండర్ సూసి చెప్పు, రేవతి యాపొద్దుకు పోతాది?"

చూసి చెప్పాను, ఇవాళ మధ్యాహ్నం దాటాక అని. "ఎట్లుందే ముసలామె" అంటే "ఉండాది" అని తల దించుకుంది. కాసేపటికి మామూలుగా జగడం మొదలైంది. "పండుకునింది సాల్లే, ఇంక లెయ్. నీ మూలంగా ఈ పొద్దు బండి పెట్టల్యా. నోరు తెరువు, గంజి తాగు. తాగవూ? ఎవురి మీద నీ అలక?" నేను బియ్యం ఏరుకుంటూ, పర్వాలేదు, ముసలామె తేరుకుందిలే అనుకున్నాను. పొద్దెక్కేకొద్దీ ఆ తిట్లు పెరిగాయే గానీ తగ్గలేదు. కొడుకును తిట్టింది, కొడుకు రెండో పెళ్ళాన్ని తిట్టింది, ఉరుకుంద ఈరన్నస్వామిని కూడా ఒక మాట అంది. ఒక్కోసారి గొంతు జీరపోతే దగ్గి, మళ్ళీ అందుకునేది.

నాకు తట్టని సంగతి, మధ్యాహ్నం దాటిన కాసేపటికి, స్వర్ణలతకు తట్టింది. రోజూ రెండు గొంతులు వినే మనిషి కదా. ఇన్ని మాటలకు ఆ ముసలిది ఒక్క మాట తిరిగి అనలేదేమని వచ్చి తలుపు తోసింది.

ఉరుకుందమ్మ తల దక్షిణానికి పెట్టి ఉంది. గడ్డానికి గుడ్డ కట్టి ఉంది. తలాపున ప్రమిద. గిడ్డమ్మ పక్కన కూర్చుని ఆ కాళ్ళు పట్టుకుని, ఇంకా తిడుతూనే ఉంది.

స్వర్ణలత కేకకు సందంతా చేరింది. ఇక మొదలయ్యాయి ఊహలు. శుక్రవారం నుంచే వాసనొస్తోందని ఒకరు. ఆ వాసన శివప్రసాద్ గదుల మురుగు గొట్టం పగిలినందుకు వస్తోంది, ఆయనకూ తెలుసు. అగరుబత్తీలు కట్టలు కట్టలు వెలిగించిందని ఒకరు. మంత్రాలయంలో అగరుబత్తీ వెలిగించని ఇల్లు ఏదో చూపించమనండి. పింఛనని ఒకరు, దిండుతో అదిమిందని ఒకరు. ఒకాయన సెల్లు పైకెత్తి, "మిస్టరీ మరణం" అని తనలో తనే మాట్లాడుకుంటూ వీడియో తీశాడు. నిన్నటిదాకా ఆ చేతి బజ్జీలు తిన్న నోళ్ళే ఇవన్నీ. ముసలామె మంచాన ఉన్న ఏడాదిలో ఒక్కరు వచ్చి గ్లాసెడు నీళ్ళు పట్టిన పాపాన పోలేదు.

శివప్రసాద్ అంగడి నుంచి పరుగెత్తుకొచ్చి, తానే పోలీసులకు ఫోను చేశాడు, శవాన్ని దాచిపెట్టిందని. కానిస్టేబులు దావీదురాజు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నెమ్మది మనిషి. వస్తూ వస్తూ ఆరోగ్య కేంద్రం నర్సు సుజనను కూడా తీసుకొచ్చాడు.

"ఎప్పుడు పోయిందప్పా?" అని శివప్రసాద్‌నే అడిగాడు.

"రెండు మూడు దినాలై ఉంటాది సార్. దాచిపెట్టింది."

ఆ మాటకు స్వర్ణలత ఆయన చొక్కా పట్టి లాగింది. చెవిలో ఏదో అంది. ఏమందో నాకు వినబడలేదు గానీ, రెండు దినాలంటే నడిపంచకం కదా. శివప్రసాద్ మొహంలో నెత్తురు దిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

"అంటే సార్... రెండు దినాలని కాదు. ఇప్పుడిప్పుడే పోయిన్నెట్టుండాది. మధ్యాన్నం తర్వాత నేనే ఇన్నా, దగ్గింది."

"అంగడిలో ఉండి ఇన్నావా?"

"మా ఆమె ఇనింది సార్."

అంతే, సందు మొత్తం మాట మార్చేసింది. శుక్రవారం నుంచి వాసన పీల్చిన ఆయనే, భోజనాల వేళ ముసలామె నీళ్ళడగడం విన్నానన్నాడు. దిండుతో అదిమిందన్న ఆమె కూడా విన్నదట. "మీరూ ఇన్నారు కదమ్మా" అని శివప్రసాద్ నా వైపు తిరిగాడు. "నాకు గిడ్డమ్మ గొంతొక్కటే వినబడింది" అన్నాను.

సుజన లోపలికి పోయి చూసి వచ్చింది. "నిన్న సాయంత్రం నేనే పుండ్లు కడిగి పోయినా సార్. నాతో మాట్లాడింది. వయసు మీద పడి పోయింది, అనుమానం లేదు." ఎప్పుడని మాత్రం అనలేదు. బిగుసుకున్న ఒళ్ళు చూసిన మనిషి ఆమె.

దావీదురాజు గిడ్డమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. ఎప్పుడు పాయ?"

తెల్లారుజామునే పోయిందంటే ఇల్లు మూతపడుతుంది. ఆ ఉక్రోషంతో శివప్రసాద్ శవాన్ని ఆ క్షణమే వెనక సందులోకి తోయిస్తాడు. పైగా దాచావెందుకని పోలీసాయన అడిగితే శవం ఆదోని ఆస్పత్రి కోతగదికి, పోస్టుమార్టానికి పోతుంది. రేవతి పోయాక పోయిందని అందరికీ చెప్పి, ఎవరూ వంక పెట్టకుండా అత్తను గడప దాటించాలని పొద్దుటి నుంచి గొంతు చించుకుంది ఆ పిచ్చిది. ఆ ఇంటాయన ఇల్లు నిలబెట్టిన పుణ్యం కూడా దానిదే అని అక్కడ ఒక్కరికీ తోచలేదు.

గిడ్డమ్మ లేచి నిలబడింది. గొంతు పూర్తిగా పోయింది. "చెప్తా సార్. అంతకుముందు ఈ అన్నతో ఒక మాట." శివప్రసాద్ ముందుకు వచ్చింది. "అన్నా, మా అత్త ఏ వాకిట్లోంచి పోవల్ల?"

ఆయన చుట్టూ చూశాడు. మేడ మీద యాత్రికులు పిట్టగోడ పట్టుకుని చూస్తున్నారు.

"ముందు వాకిట్లోంచే పోనీలేమ్మా."

"యాడ కడగల్ల?"

"ఈన్నే. అరుగు మీద."

"నీళ్ళు?"

"మోటరు ఏస్తా."

"తప్పెట్లు?"

దానికి కొంచెం తటపటాయించాడు. "కొట్టించుకోమ్మా" అన్నాడు.

గిడ్డమ్మ కానిస్టేబులు వైపు తిరిగింది. "మధ్యాన్నం దాటినాక పాయ సార్."

దావీదురాజు సుజనను చూశాడు. ఆమె గోడ మీది బల్లిని చూస్తోంది. "సరే, కానీండి," అని టోపీ పెట్టుకుని, పోతూ పోతూ శివప్రసాద్‌తో అన్నాడు, "నీ చెవులు శానా మంచివప్పా. అంగడి నుంచి ఈడిదాకా వినబడతాయి."

నా మంట ఎక్కడంటే ఇక్కడ. ఒక మనిషిని మనిషిలాగా సాగనంపడానికి కూడా ఆ ఆడది ఇంత నాటకమాడి, అబద్ధం చెప్పి, బేరం చేసి గడప కొనుక్కోవలసి వచ్చింది. ఊరు మాత్రం ఆమె దాచిన శవం గురించి మాట్లాడుతోంది. తెల్లవారుజాము నుంచి ఏడుపు దాచుకుందని ఒక్క బస్సులోనూ ఎవరూ చెప్పుకోరు.

ఉరుకుందమ్మను అరుగు మీదే పడుకోబెట్టి కడిగారు. శివప్రసాద్ మోటరు తానే వేశాడు; పాడెకు అడ్డం వస్తుందని తన బండి కూడా తానే పక్కకు తీశాడు. తప్పెట్ల మోతకు మేడ మీది యాత్రికులు కిందికి దిగి, చెప్పులు విడిచి దండం పెట్టారు. ఎవరూ గది ఖాళీ చేసి పోలేదు. పాడె ముందు గడప దాటింది, అరుగు దిగింది, రథం వీధి వైపు మలుపు తిరిగింది.

మా వైపు ఆడవాళ్ళు శ్మశానానికి పోరు. గిడ్డమ్మ ఆ గడప మీదే కూర్చుండిపోయింది. గడప మీద కూర్చోకూడదని చెప్పబోయి స్వర్ణలత నోరు తెరిచింది. ఏమనుకుందో, మూసుకుంది. అప్పుడు ఏడ్చింది గిడ్డమ్మ, గొంతు లేకుండానే. నేను పోయి పక్కన కూర్చున్నాను.