సున్నం గీతల్లో అవ్వ

బళ్లారిలో అపార్ట్‌మెంటు అనే మాట ఇంకా చాలామందికి నోరు తిరగని కాలమది. ఒకరి నెత్తిన ఒకరు కాపురం ఉండటమేమిటని పెద్దవాళ్లు నవ్వేవారు. ఆ రోజుల్లోనే నేను సివిల్ ఇంజినీరింగు చదివి (ఆడపిల్లకు ఇటుకలూ సిమెంటూ ఎందుకని చుట్టాలంతా అడిగారు, ఎందుకు కాకూడదని మా నాన్న ఒక్కరే అడిగారు) ఊళ్లో ఒక చిన్న ఆఫీసులో చేరాను. అక్కడి ఇంజినీరుగారిని అందరూ చాటుగా స్కేలు సార్ అనేవారు. ఆయన చేతిలో ఎప్పుడూ అడుగు స్కేలు ఉండేది. వీపు గోక్కోవడానికీ అదే, మమ్మల్ని బెదిరించడానికీ అదే. ఆయన పెన్సిలుతో వేసిన ప్లాన్లను ట్రేసింగు కాగితం మీద ఇంకుతో దించడం నా పని. మూడు నెలలు చూసి, పనికొస్తే ఉంచుకుంటానన్నారు. ఆ మూడో నెలలోనే అవ్వ వచ్చింది.

అవ్వ అంటే బజారులో తరాలుగా బియ్యం వ్యాపారం చేస్తున్న ఒక తెలుగు కుటుంబానికి పెద్దదిక్కు. పుట్టిల్లు సిరుగుప్ప. ఇరుకు సందులో వాళ్ల పాత గోదాము పడగొట్టిన జాగాలో మూడంతస్తులు లేపాలని కొడుకుల కోరిక. జాగా అవ్వ పేరున ఉంది, కింది ఇల్లు అవ్వకే, కాబట్టి ఆమె సంతకం పెడితేనే పని కదులుతుంది. నేను బ్లూ ప్రింటు పరిచి ఇది హాలు, ఇది పడకగది అని వేలితో చూపిస్తుంటే, ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇదేంది పాపా, ఈ నీలం కాగితంలో నేను యాడుండాను? చీర కొనాలన్నా భుజాన ఏసుకోని చూస్తాము. నడిచి చూడకుండా ఇంటికి సంతకం పెట్టేదెట్ల?" అంది.

నా నోరు ఊరుకుంటే కదా. "నేలమీద గీసి చూపిస్తానవ్వా, నడిచి చూద్దురుగాని" అనేశాను. సార్ స్కేలుతో బల్ల మీద ఒక్కటేశారు. "గీయి తల్లీ. ఆమె సంతకం పెడితే ఉంటావు. లేకుంటే సోమవారం నుంచి ఇంట్లోనే ఉండు."

శనివారం పొద్దున్నే మేస్త్రీని, దారం ఉండను, సున్నం పొడి గంపను వెంటేసుకుని వెళ్లాను. పునాది తవ్వే ముందు సున్నంతో గీతలు పోయడం ఎక్కడైనా ఉన్నదే. మేము మాత్రం లోపలి గోడలు, వీధివైపు ఆరడుగుల కాంపౌండు గోడ కూడా పోశాం, తలుపు, గేటు ఉన్నచోట ఖాళీ వదిలాం. అరగంటలో సందంతా వచ్చేసింది. చిత్రమేమిటంటే, వచ్చిన ఆడవాళ్లలో ఒక్కరూ గీత దాటలేదు. అందరూ తలుపులోంచే లోపలికొచ్చారు. ఒకామె చెప్పులు గుమ్మం బయట విడిచింది. స్నానాలగదిలో నిలబడి ముచ్చట్లు పెట్టుకున్న ఇద్దరిని చూసి ఇంకొకామె, "ఒకేసారి ఇద్దరా! సిగ్గుండాదా మీకు?" అని కసిరింది. ఒక ఆవు మాత్రం పడకగది గోడలోంచి నిమ్మళంగా నడిచిపోయింది. "దానికి ప్లాన్ చూపియ్యలేదు మనం" అన్నాడు మేస్త్రీ.

అవ్వ మొదటినుంచీ నా వెంటే తిరుగుతోంది. వంటింటి చోటు రాగానే మధ్యలో నిలబడి, "ఈడ పొయ్యి, ఈడ నీళ్ల బిందె" అని చెప్పుకుపోతోంది. నేను వంగి, దారం వెంబడి ఆమె చుట్టూ సున్నం పోసుకుంటూ వచ్చి, నాలుగో మూల కలిపేశాను. నడుము పట్టుకుని లేచి చూస్తే అవ్వ లోపల, మేమంతా బయట.

"పాపా, నేను బయటికి వచ్చేదెట్ల?"

వంటింటికి తలుపు లేదు.

"అరె, దర్వాజా కిధర్ అమ్మా?" అన్నాడు మేస్త్రీ.

"దాటి వచ్చేయండవ్వా" అన్నాను.

"గోడ దూకేదానికి నేనేమన్నా పిల్లినా?"

సందు గొల్లుమంది. నేను కాలితో గీత చెరపబోయాను. "ఏయ్, సుమ్నే ఉండు, ఏమీ చెయ్యద్దు! కట్టిన గోడ పగలగొడతావా? మీ సార్ వస్తాండాడంట గదా, ఆయప్పే వచ్చి చూడనీ" అని అవ్వ అక్కడే చతికిలబడింది. కోడలు కాఫీ తెస్తే, "కిటికీలోంచి ఇయ్యమ్మా" అంది. కిటికీ ఎక్కడుందో తెలియక ఆ కోడలు గ్లాసు పట్టుకుని వంటింటి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. అందరూ నవ్వుతున్నారు, నేను తప్ప. నాకు సోమవారం కళ్లముందు ఆడుతోంది. ఇంటికెళ్లి నాన్నకేం చెప్పాలి? చుట్టాలకు నాన్న ఏం చెప్పుకోవాలి?

సార్ స్కూటరు దిగి, గీతలు తొక్కుకుంటూ నేరుగా వచ్చేశారు.

"ఏమప్పా ఇంజినీరూ, దయ్యం మాదిరి గోడలోనుంచి వస్తాండావే!" అంది అవ్వ.

సార్ మొహం కందిపోయింది. వెనక్కి వెళ్లి, బుద్ధిగా గేటులోంచి వచ్చి, హాలు దాటి, వంటింటి ముందు ఆగారు. అటు తిరిగారు. ఇటు తిరిగారు. చివరికి నావైపు తిరిగారు.

"తలుపేదీ?"

ప్లాను అందించాను. అందరి ముందూ నన్ను కడిగేద్దామని ఆయన దాన్ని సర్రున విప్పారు. అందులోనూ తలుపు లేదు. సంచీలోంచి ఆయన పెన్సిలు కాగితం తీసిచ్చాను (భయస్తులం అన్నీ వెంట మోసుకుని తిరుగుతాం). అందులోనూ లేదు. ఆయన మరిచిపోయినదాన్ని నేను అచ్చుగుద్దినట్టు దించానన్నమాట.

"నువ్వు గీసిందే ఆ పాప గీసింది, దాన్నేమీ అనద్దప్పా" అంది అవ్వ కూర్చున్నచోటు నుంచే. "తలుపు మరిస్తే మరిస్తివి. ముందర ఆ గోడ గీతేంది? ఆరడుగులంట! ఇంతసేపు ఈడ కూర్చోని పూలామెను పలకరిస్తిని, ఎదురింటామె మోకాలినొప్పి ఎట్లుండాదో అడిగితిని. ఆ గోడ లేస్తే నాకు కనబడేది ఆకాశమే. ఈ సందులో ఏ ఇంటికన్నా ముందర కూర్చునే కట్ట లేకుండా చూస్తివా?"

"బెంగళూరులో అన్నిటికీ కాంపౌండు ఉంటుందమ్మా" అన్నారు సార్ నీరసంగా.

"ఆ ఊళ్లో పక్కింటోళ్ల పేర్లు తెలుసునా వాళ్లకి? గోడ తీసి కట్ట పెట్టు. ఇప్పుడే సంతకం పెడతాను."

సార్ స్కేలుతో వీపు గోక్కుంటూ చాలాసేపు సందులోకి చూశారు. ఇటునుంచి అటు చివరిదాకా అన్ని ఇళ్ల ముందూ అరుగుల్లాంటి కట్టలు, వాటి మీద మనుషులు. ఈ సందుకు ఆయన పదిసార్లు వచ్చి ఉంటారు, కానీ టేపు పట్టుకునే వచ్చారు. "సరే" అన్నారు.

మేస్త్రీ చీపురుతో కాంపౌండు ఊడ్చేశాడు. నేను వీధివైపు కట్ట పోశాను. పోయడమే ఆలస్యం, నలుగురు ఆడవాళ్లు వెళ్లి దానిమీద, అంటే నేలమీద, వరసగా కూర్చున్నారు. ఆ తర్వాత సార్ వంటింటి గీతను తన బూటుతోనే మూడడుగుల మేర చెరిపి తలుపు చేశారు. అవ్వ లేచి, చీర దులుపుకుని, తలుపులోంచి రాజసంగా బయటికొచ్చి, మేస్త్రీ వీపు మీద ప్లాను పరిపించి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ తెలుగులో సంతకం పెట్టింది. నేను పోయి ఆ కట్ట మీదే కూలబడ్డాను. సార్ స్కూటరు ఎక్కుతూ, "సోమవారం కొంచెం పెందలాడే రా. అన్ని ప్లాన్లలో తలుపులు ఉన్నాయో లేవో చూద్దాం" అన్నారు, చాలా చిన్నగా. ఆకుపచ్చ చీర వెనకాల ఇంత తెల్లటి మచ్చతో బజారంతా నడిచి ఇంటికెళ్లానని అమ్మ చెప్పేదాకా నాకు తెలియదు.

ఇప్పుడు మా చంటిది నిద్రలో రెండుసార్లు దగ్గితే చాలు, లేచి కూర్చుంటాను. ఒళ్లు వెచ్చగా ఉందా, ఊపిరి సరిగా ఉందా అని పదిసార్లు చూస్తాను. భయపడటంలో నేను ఏమాత్రం మారలేదు. కానీ ఎండలో, సున్నం చేతులతో, లోకం మునిగిపోయిందని వణికిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. ఆమె భయాలు కాలితో చెరిపితే పోయేవి.