మత్తుకు ముందు అడిగిన ప్రశ్న

2023 జూన్ 12, సోమవారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలు. జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, ఆపరేషన్ గది తలుపు ముందు. స్ట్రెచర్ మీద మా చెల్లె. కోరుట్లలో పొద్దున టిఫిన్ చేస్తూ కట్టుడు పన్ను మింగింది. అది గొంతులో అడ్డంపడి మాట రావడం లేదు. మత్తు ఇచ్చే డాక్టరమ్మ నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఏమనుకోకుండ్రి. మీరు వైశ్యులా?"

పేరు చివర కులం తీసేసుకొని ఇరవై ఆరేళ్లయిన మనిషిని. నాకు ఒళ్లు మండింది. ఆమె మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ ఉంది. అది చూసే అన్నాను.

"ఆపరేషన్‌కు కులమెందుకు మేడం? మీరే గిట్లడిగితే ఎట్ల?"

ఆ 'మీరే' అన్న మాటతో ఆమె కులమేదో ఊహించి ఆమె ముఖం మీదే విసిరాను. ఆమెకు అర్థమైంది. గొంతు మాత్రం మారలేదు.

"మందు కోసమే అడుగుతున్న సార్. మీ ఇంట్ల ఎవరికన్న మత్తిచ్చినంక లేవడానికి శాన సేపు పట్టిందా?"

చెల్లె చేయెత్తి ఏదో చూపబోయింది. ఆ చేతిని పట్టి కిందికి ఒత్తాను.

"నువ్వూకో. లేదు మేడం, మా ఇంట్ల గసొంటిదేం లేదు."

ఉంది. 2004 నవంబరులో సిరిసిల్లలో మా బాపుకు హెర్నియా ఆపరేషన్ అయింది. పదకొండుంపావుకు ముగిస్తే, సాయంత్రం నాలుగు యాభైకి గాని తనంతట తాను ఊపిరి తీసుకోలేదు. ఆ రెండు సమయాలూ నా డైరీలో నా చేతిరాతతోనే ఉన్నాయి. "దుకాణం బందున్న దినం గదా, పండుకోనీయుండ్రి" అని ఇంటిల్లిపాదీ ఏళ్ల తరబడి బాపును ఆటపట్టించాం. చెల్లె చెప్పబోయింది అదే.

పన్ను పది నిమిషాల్లో బయటికి వచ్చింది. అంతలోనే దిగిపోవలసిన మందు మాత్రం దిగలేదు. కండరాలను వదులుచేసే ఆ మందును రక్తంలో విరగ్గొట్టే పదార్థం కొందరికి పుట్టుకతోనే తక్కువగా ఉంటుందట. తరాలుగా లోలోపలే పెళ్లిళ్లు చేసుకున్న మా కులంలో ఆ లోపం మిగతావారికంటే ఎక్కువగా కనబడుతుందట. అప్పుడు గాని నేను బాపు సంగతి బయటపెట్టలేదు. డాక్టరమ్మ ఇదంతా ఎత్తిపొడుపు లేకుండా వివరించింది. "ముందే చెప్తే వేరే మందు ఇస్తుంటి సార్" అని మాత్రం అంది.

పదకొండు పదికి చెల్లెను ఊపిరి అందించే మిషన్ మీద పెట్టారు. నాలుగున్నరకు గొట్టం తీశారు. రాత్రికి చెల్లెకు గొంతు పెగిలింది.

"మొదట్ల అన్నీ ఇనవడ్డయన్నా. కన్ను తెరుద్దమంటే రెప్ప లేస్తలేదు. సచ్చిపోయిననే అనుకున్న. గా మేడమే చెవుల చెప్పింది, భయపడకు, నీ ఊపిరి నేను ఆడిస్తున్న అని." ఆ వెంటనే అడిగింది. "నా చెయ్యెందుకు ఒత్తినవ్?"



మరునాడు డాక్టరమ్మ గదికి వెళ్లి, తప్పు మాట్లాడానని చెప్పాను.

"ఏది సార్? బాపు ముచ్చట దాచుడా, మొదలన్నదా?"

"రెండు."

ఆమె తల వంచుకొని ఒక తెల్ల కాగితం నా ముందుకు జరిపింది. "మీ రక్తసంబంధం ఉన్నోళ్ల పేర్లు రాయుండ్రి. అందరికి పరీక్ష చేయాలె." నా పేరుతో మొదలుపెట్టి పంతొమ్మిది పేర్లు రాశాను. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు.

పోయినవి: చెల్లె మిషన్ మీద గడిపిన ఐదు గంటల ఇరవై నిమిషాలు. ఆసుపత్రి అంటే ఆమెకు ఉండిన ధైర్యం. నన్ను తోడు రమ్మనే అలవాటు. మొన్న కంటి పరీక్షకు తన కోడలిని వెంటబెట్టుకొని పోయింది.

మిగిలినవి: చెల్లె ప్రాణం. పంతొమ్మిది మందిలో పరీక్షకు ఒప్పుకొన్న పదకొండు మంది. వారిలో లోపం బయటపడిన ముగ్గురి దగ్గర, నాతో కలిపి, ఆ సంగతి రాసిన కార్డులు మూడు.