తీగకు జరం

నాడి పట్టి మనుషుల జ్వరం చెప్పేవారు ఏ ఊళ్లోనైనా ఉంటారు. కరెంటు తీగను తాకి దాని జ్వరం చెప్పినవాడు మాత్రం రామన్నపేటలో లింగస్వామి ఒక్కడే. చేతి వెనుక భాగాన్ని తీగమీది రబ్బరు తొడుగుకు ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపు ఆలోచించి, "జరం లేదు" అనేవాడు. ఆ మాట వినిపించేదాకా చుట్టూ ఉన్నవాళ్లు కూడా ఎందుకో ఊపిరి బిగబట్టేవారు.

ఊళ్లో ఒక్క వీధికే కరెంటు వచ్చిన కాలమది. మిగిలిన వీధుల్లో రేడియో ఉన్న కొద్దిమంది దాన్ని మోటారుబండి బ్యాటరీతో నడిపేవారు. బ్యాటరీ దిగిపోతే లింగస్వామి ఇంటికి చేర్చేవారు. ఆయన ఇంట్లో ఉన్నది ఒకటే ప్లగ్గు. ఛార్జింగప్పుడు బ్యాటరీ నుంచి లేచే గ్యాసు పొయ్యి దగ్గర పనికిరాదని, దాన్ని గడప దాటనిచ్చేవాడు కాదు. బ్యాటరీ, ఛార్జింగు పెట్టె వాకిలి అవతల కొట్టంలో ఉండేవి. ఇంటికీ కొట్టానికీ మధ్య, వాకిలి పొడవునా, నల్లటి తీగ.

ఆ తీగ తడినేలకు తగలకుండా పంగలకర్రల మీద సాగేది. దానికి అతుకులుండేవి కావు. చుట్ట మొత్తం విప్పనిదే స్విచ్చు పడేది కాదు. ఒకసారి సగం చుట్టను అలాగే వదిలేస్తే అది వేడెక్కి, కింద పరిచిన గోనెసంచి కమిలిపోయింది. అప్పటి నుంచి, "చుట్టుకున్న తీగ లోపల్లోపల కోపం పెంచుకుంటది" అని వచ్చినవారందరికీ చెప్పేవాడు.

ఇంతవరకు జాగ్రత్తే. జాగ్రత్త ఎక్కడ ముగిసి చాదస్తం ఎక్కడ మొదలవుతుందో తత్వవేత్తలు తేల్చలేదు గాని, లింగస్వామి విషయంలో ఆ హద్దు వాకిలి నడిమధ్యన ఉండేది. బ్యాటరీ ఎవరిదైతే వారు అక్కడ కూర్చుని, ఛార్జింగు పూర్తయ్యేదాకా తీగను తాకి చూస్తూ ఉండాలి.

"మామా, గొర్రెకు రోగమొస్తే నేను గూడ గింతసేపు కూసోను," అనేవాడు బీరన్న. ఊరి చివర మంద ఉన్నవాడు, అక్కడే ఒంటరిగా ఉండే అమృతమ్మకు పొరుగువాడు.

"గొర్రెకు బాధైతే అరుస్తది. తీగ అరుస్తదారా?"

బీరన్న నవ్వి గొంగడి భుజాన వేసుకునేవాడు.

అమృతమ్మ బ్యాటరీని గంపలో మోసుకొచ్చి దించేవాడు అతడే. భర్త పోయాక ఆ ఇంట్లో ఆమెకు మిగిలిన గొంతు రేడియోది. వార్తలు చదివే మనిషికి ఆమె "అట్లనా" అని బదులిచ్చేది. పత్తి ధర పడిపోయిందంటే "అయ్యో" అనేది. బ్యాటరీ దిగేకొద్దీ ఆ గొంతు, బావిలోకి దిగుతున్న మనిషి గొంతులా సన్నగిల్లేది. అది ఆగిన రోజు ఇల్లు ఉన్నట్టుండి పెద్దదైపోయేది. బీరన్నతో "పైలం, దించు" అనడం తప్పిస్తే, చాలాసార్లు ఆ వారంలో ఆమె సాటి మనిషితో పలికిన మొదటి మాట, లింగస్వామి వాకిట్లో, "చల్లగున్నదన్నా" అనేదే.

"తీగ సరే. నువ్వెట్లున్నవు చెల్లే?" అని కొట్టంలోంచి ఆయన అడిగేవాడు. తీగ గురించి అడిగిన తరువాతే అడిగేవాడు. ఆ వరుస ఎన్నడూ తప్పలేదు. ఇక ఆమె కబుర్లు ఛార్జింగు పూర్తయ్యేదాకా సాగేవి.

ఒకనాడు మేక ఒకటి వచ్చి తీగను కొరకబోయింది. అమృతమ్మ భయపడి, "అన్నా, జర! జర!" అని కేకవేసింది. అన్నం తింటున్న లింగస్వామి ఎంగిలి చేత్తోనే లేచి స్విచ్చు ఆర్పి, ఎడమచేత్తో ప్లగ్గు పీకి, పరుగున వచ్చాడు.

"ఎంతున్నది?"

"ఏందన్నా?"

"జరం!"

"జరం గాదన్నా! జర మేకను పట్టుమంటున్న!"

"నిన్ను జూసి మేకకే జరమొచ్చింది మామా," అన్నాడు బీరన్న.

ఆ రోజు నుంచి ఆ వాకిట్లో 'జర' అనే మాట నిషేధం. దాని బదులు 'కొంచెం' అనాలి. నల్గొండ జిల్లా మనిషిని 'జర' లేకుండా మాట్లాడమనడం, ఊపిరి లేకుండా నడవమనడం వంటిదే. "జ... కొంచెం మంచినీళ్లియ్యన్నా" అని తడబడి, అమృతమ్మ తనలో తానే నవ్వుకునేది. ఆ నవ్వు ఇంటికి వెళ్లాక గుర్తుచేసుకుందామంటే, ఎవరితో చెప్పుకోవాలో తెలిసేది కాదు.

కరెంటు ఆఫీసు నుంచి కృష్ణయ్య వచ్చింది ఆ వేసవిలోనే. మీటరు చూడవచ్చినవాడు తీగను చూసి నిలబడిపోయాడు.

"కాకా, గింత పొడుగు తీగెందుకు? కొట్టంలనే ప్లగ్గు పెడ్త. కాపలా అక్కర్లేదు, ఫికరక్కర్లేదు."

వాకిలి మధ్యన కూర్చున్న అమృతమ్మ చెయ్యి తీగమీదే ఆగింది. కాపలా అక్కర్లేకపోతే ఆమె రావలసిన పనీ లేదు. బీరన్న తెస్తాడు, బీరన్నే తీసుకుపోతాడు. లింగస్వామి కాదంటాడేమోనని చూసింది. ఆయన గడ్డం గోక్కుని, "గదైతే ఇంకా పైలంగుంటది. పెట్టు," అన్నాడు. జాగ్రత్తను జీవితమంతా పూజించిన మనిషి అంతకంటే మంచి జాగ్రత్తను ఎలా కాదనగలడు?

ప్లగ్గు బిగించిన రోజున ఆమె అలవాటు కొద్దీ వచ్చింది. లింగస్వామి కొత్త ప్లగ్గును తాకి చూశాడు. కళ్లు మూసుకుని ఆలోచించాడు. వంక దొరకలేదు.

"ఇగ నీ వైద్యం బందు మామా," అన్నాడు బీరన్న.

"నేను పోతనన్నా," అంది అమృతమ్మ, కొంగు సర్దుకుంటూ. "మల్లొకసారి బీరన్న తెస్తడు తియ్యి."

లింగస్వామి ఆమె వైపు చూశాడు. ప్లగ్గు వైపు చూశాడు.

"కృష్ణయ్యా, ప్లగ్గు పీకితే నిప్పురవ్వ లేస్తదా?"

"ఒక్కొక్కసారి లేస్తది కాకా."

"బ్యాటరీ గ్యాసుకు తగిలితే?"

"అంటుకుంటది. గని నాలుగు మూరలు దూరం జరిపితే చాలు."

అప్పటికే లింగస్వామి బ్యాటరీని ఎత్తుకుని కొట్టం దాటిపోయాడు. నాలుగు మూరల దగ్గర ఆగలేదు. వాకిలంతా నడిచి, అవతలి ప్రహరీ గోడ మూలన దించాడు. ఛార్జింగు పెట్టెనూ మోసుకెళ్లాడు. పాత తీగ చుట్టను పూర్తిగా విప్పి, పంగలకర్రలు సర్ది, కొట్టం నుంచి గోడ దాకా లాగాడు.

"కాకా, మల్ల అంతే పొడుగాయె!"

"అవును మరి. ఇంత తీగకు నడుమ మనిషుండాలె గదా."

నులక మంచాన్ని తీగ పక్కకు, నీడలోకి ఈడ్చి, "కూసో చెల్లే," అన్నాడు. అమృతమ్మ కూర్చుంది. కృష్ణయ్య ఏదో అనబోతే బీరన్న అతని భుజం నొక్కి, గొంగడి పరిచి, పక్కన కూర్చోబెట్టాడు.

"యాడ్నించి చెప్పాలన్నా?" అని అడిగింది అమృతమ్మ.

"పోయినసారి ఆపిన కాడ్నించి."

ఆమె చెప్పింది. చుట్టాల సంగతి, అడ్డగోలు ధరల సంగతి, వార్తల మనిషి మధ్యలో దగ్గిన సంగతి. పొద్దువాలేదాకా తీగ చల్లగానే ఉంది. ఎందుకు అంత చల్లగా ఉందా అని కృష్ణయ్య లేచి వెళ్లి చూస్తే, స్విచ్చు వెయ్యడం అందరూ మరిచిపోయారు.

"ఇగ రేపు గూడ రావాలె చెల్లే," అన్నాడు లింగస్వామి, ఏమాత్రం నొచ్చుకోకుండా.